అశ్వం అనే మాట: ఒక సవరణ, ఒక పాఠం

శరన్నవరాత్రుల ఏర్పాట్లలో అందరూ తలమునకలై ఉన్న సమయంలో ఈ సంచిక మీ చేతికి వస్తోంది. ప్రతిసారీ ఈ పేజీలో ఒక స్తోత్రాన్నో ఒక పురాణకథనో తీసుకుని మాకు తెలిసిన నాలుగు మాటలు రాస్తున్నాం. ఈసారి ముందుగా మా తప్పు ఒకటి దిద్దుకోవలసి ఉంది.

పోయిన సంచికలో పిల్లల పేజీ అడుగున కాస్త ఖాళీ మిగిలితే 'మీకు తెలుసా?' అని ఒక చిన్న పెట్టె వేశాం. ఇంగ్లిషులోని 'హార్స్' అనే మాట సంస్కృతంలోని 'హ్రేష' నుంచి పుట్టిందని అందులో రాశాం. హ్రేష అంటే గుర్రం సకిలింపు. వినడానికి బాగుంది, ఫోన్లలో తిరుగుతున్న మాట, పైగా పేజీ నిండాలి. మాలో ఒక్కరమైనా నిఘంటువు తెరిచి చూడలేదు. మన ఆదివారం తెలుగు తరగతికి వచ్చే ఒక పన్నెండేళ్ళ అమ్మాయి దాన్ని బడిలో అందరి ముందూ చెప్పింది. టీచరు గారు కోప్పడలేదు, నవ్వలేదు. పెద్ద నిఘంటువు తెప్పించి ఆ పుట తీసి, ఇక్కడ అలా లేదే అని చూపించారట. మరుసటి ఆదివారం ఆ పిల్ల వచ్చి మమ్మల్ని అడిగింది: "ఆంటీ, మరి మీరు చెప్పే మిగతావి కూడా ఇలాంటివేనా?"

అప్పటికప్పుడు మా దగ్గర జవాబు లేదు. వారమంతా ఇంగ్లిషులో గడిపే పిల్లలు వారానికి రెండు గంటలు మన దగ్గరికి వస్తారు. ఆ రెండు గంటల్లో విన్నదాన్ని నమ్మవచ్చునా అని ఆ పిల్ల అడుగుతోంది. అందుకని వేసవి సెలవుల్లో మా అధ్యయన బృందం కూర్చుని 'అశ్వ' శబ్దాన్ని మొదటినుంచీ చదివింది. చదివినదాంట్లో మాకు గట్టిగా తేలినవి ఇక్కడ పెడుతున్నాం.

సంకల్పంలో గుర్రం

ముందు మన నోట్లో ఉన్న మాటతోనే మొదలుపెడదాం. నవరాత్రి పూజకు కూర్చోగానే సంకల్పంలో 'ఆశ్వయుజ మాసే' అంటాం. ఇక్కడికి వచ్చాక దేశం పేరూ నది పేరూ తగినట్టు మార్చుకున్నాం గాని నెల పేరు మారలేదు. పున్నమినాడు చంద్రుడు అశ్వినీ నక్షత్రం దగ్గర ఉండే నెల ఆశ్వయుజం. ఆ నక్షత్రానికే 'అశ్వయుక్' అని పాత పేరు. అశ్వం అంటే గుర్రం, యుజ్ అంటే పూన్చడం, కట్టడం. బండికి గుర్రాలను పూన్చిన జంట అన్నమాట. ఆ జంట అశ్వినీ దేవతలు.

ఈ యుజ్ ధాతువు నుంచే యోగం, యోజనం, యుగం వచ్చాయి. ఎడ్ల మెడమీద వేసే కాడిని ఇంగ్లిషులో 'యోక్' అంటారే, అది ఈ ధాతువుకు నిజంగా చుట్టం. ఇది మాత్రం ఫోన్లో వచ్చింది కాదు, నిఘంటువు చూసే రాస్తున్నాం.

తిరుమలలో బ్రహ్మోత్సవాల ఎనిమిదోనాడు ఉదయం రథోత్సవం అయ్యాక, రాత్రి స్వామి అశ్వవాహనం మీద వస్తారు. కల్కి అవతారానికి గుర్తు అది. మన దగ్గర పెద్దవాళ్ళు ఆ వాహనాన్ని 'గుర్రం వాహనం' అనే అంటారు, ఆహ్వాన పత్రికలో మాత్రం 'అశ్వవాహనం' అని అచ్చు వేస్తాం. ఒకే వాహనానికి రెండు మాటలు ఎందుకు వచ్చాయన్న సంగతి చివర చెప్పుకుందాం.

పెద్దలు చెప్పిన అర్థాలు

'అశ్వం' అంటే గుర్రమని అందరికీ తెలుసు. ఆ జంతువుకు ఆ పేరే ఎందుకు అని మొదట అడిగిన వాళ్ళు మన పెద్దలే. యాస్కుడు తన నిరుక్తంలో ఈ మాటకు రెండు దారులు చూపించాడు. చూస్తుండగానే దారినంతటినీ వ్యాపిస్తుంది కనుక అశ్వం. లేదా, బాగా తింటుంది కనుక అశ్వం. మొదటి దాంట్లో ఉన్నది 'వ్యాపించు' అనే అర్థం ఉన్న అశ్ ధాతువు. రెండోదాంట్లో ఉన్నది 'తిను' అనే అర్థం ఉన్న అశ్ ధాతువు. మన పిల్లలకు చేసే అన్నప్రాశనలో ఉన్నది ఈ రెండోదే. గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదు అని మన సామెత. గుర్రాన్ని మేపినవాడెవడైనా యాస్కుడి రెండో అర్థాన్ని కాదనడు.

వ్యాకరణం చదివినవాళ్ళు ఉణాది సూత్రాల దారిన వెళతారు. వ్యాప్తి అర్థంలో ఉన్న అశ్ ధాతువుకు 'క్వన్' ప్రత్యయం చేరిస్తే అశ్వ అవుతుంది. అంటే యాస్కుడి మొదటి దారినే వ్యాకరణం ఖాయం చేసింది.

మూడో అర్థం బృహదారణ్యకోపనిషత్తులో ఉంది. ఆ ఉపనిషత్తు మొదలే గుర్రంతో. యాగాశ్వాన్ని విశ్వంగా ధ్యానించమంటుంది: దాని తల ఉషస్సు, కన్ను సూర్యుడు, ఊపిరి గాలి. కొంచెం ముందుకు వెళితే, సృష్టికర్త శరీరం ఉబ్బింది, అలా ఉబ్బినందువల్లనే అది అశ్వమయింది అని చెబుతుంది. ఉబ్బడం అనే అర్థం ఉన్న క్రియారూపం వినడానికి 'అశ్వ'కు దగ్గరగా ఉంటుంది.

ఒకే మాటకు వ్యాపించేది, తినేది, ఉబ్బినది అని మూడు పుట్టుకలు ఉండవు గదా? ఉండనవసరం లేదు. ఇలా చెప్పడాన్ని నిర్వచనం అంటారు. మాటను విప్పి, ఆ వస్తువు గుణాన్ని మనసుకు పట్టించడం దాని పని. యాస్కుడు తన రెండు అర్థాల మధ్య 'లేదా' అని పెట్టాడు, ఒకటి నిలబెట్టడానికి రెండోదాన్ని కొట్టేయలేదు. ఆ మాట ఏ కాలంలో, ఏ నోట, ఏ రూపంలో ఉండేది అన్నది వేరే ప్రశ్న. అది చరిత్ర ప్రశ్న, దానికి సాక్ష్యం కావాలి. నిర్వచనాన్ని తెచ్చి చరిత్ర అని చెప్పినప్పుడే మేం పోయిన సంచికలో చేసినటువంటి పని జరుగుతుంది.

ఇందుకు మంచి ఉదాహరణ రావిచెట్టు. సంస్కృతంలో అశ్వత్థం. భగవద్గీత పదిహేనో అధ్యాయం చదివేవాళ్ళందరికీ తెలిసిన చెట్టు: వేళ్ళు పైకి, కొమ్మలు కిందికి. ఆ మాటకు శంకర భగవత్పాదులు 'రేపటిదాకా కూడా నిలవనిది' అనే అర్థం చెప్పారు. అ అంటే లేదు, శ్వః అంటే రేపు, స్థ అంటే నిలిచేది. సంసారాన్ని చెట్టుతో పోల్చిన చోట అంతకంటే తగిన అర్థం ఎవరు చెప్పగలరు? మాట నిర్మాణాన్ని బట్టి చూస్తే మాత్రం అశ్వ, స్థ: గుర్రం నిలిచే చోటు. తైత్తిరీయ బ్రాహ్మణంలో దీనికో కథ కూడా ఉంది. అగ్ని దేవతలకు దొరక్కుండా గుర్రం రూపం ధరించి ఆ చెట్టులో ఒక సంవత్సరం ఉన్నాడట, అందుకే అది అశ్వత్థమయిందట. రెండూ మన గ్రంథాల్లోవే. పిల్లలకు రెండూ చెప్పవచ్చు. ఏది ధ్యానానికి చెప్పినది, ఏది మాట పుట్టుక అన్నది కూడా చెప్పాలి, అంతే.

పదమూడు పేర్లు, ఒక ఉప్పు

అమరకోశం గుర్రానికి పదమూడు పేర్లు ఇస్తుంది. అశ్వం కాక హయం, వాజి, తురగం, తురంగం, తురంగమం, అర్వ, సప్తి, వీతి, వాహం, గంధర్వం, సైంధవం, ఘోటకం. తురగమంటే త్వరగా వెళ్ళేది. హయం మనకు హయగ్రీవ స్వామి పేరులో రోజూ ఎదురవుతుంది, పరీక్షల ముందు మరీ ఎక్కువగా. ఘోటకం పుస్తకాల్లో మాట అనుకుంటాం గాని, పెళ్ళి మాటెత్తితే పారిపోయే మేనమామను ఇళ్ళల్లో 'ఘోటక బ్రహ్మచారి' అని ఆటపట్టించడం మనలో చాలామంది విన్నదే.

సైంధవం సంగతి ఒక్కటి చెప్పి ముందుకు వెళతాం. సింధుదేశం నుంచి వచ్చింది సైంధవం. సింధుదేశపు గుర్రాలు మేలుజాతివి కనుక గుర్రం సైంధవం అయింది. అక్కడి రాతి ఉప్పూ సైంధవమే, ఉపవాసం రోజున ఇప్పటికీ మన వంటింట్లో వాడతాం. శాస్త్రాలు చదివేవాళ్ళు సందర్భాన్ని బట్టి అర్థం తీసుకోవాలని చెప్పడానికి దీన్నే ఉదాహరణగా చెబుతారు. యజమాని భోజనానికి కూర్చుని 'సైంధవం తే' అంటే ఉప్పు తేవాలి, ప్రయాణానికి సిద్ధమై అంటే గుర్రం తేవాలి. తరగతిలో ఈ మాట చెప్పినప్పుడు విస్తరి ముందు గుర్రాన్ని నిలబెట్టిన బొమ్మ ఒక పిల్లాడు గీశాడు. అది ఇప్పుడు వంటశాల తలుపు మీద ఉంది.

ఈ పదమూడింటిలో చాలావరకు గుణాన్ని బట్టో, ఊరిని బట్టో వచ్చిన పేర్లు. అశ్వం ఒక్కటే అలా విప్పితే పూర్తిగా విడిపోని పాత మాట. అది ఎంత పాతదో తెలుసుకోవాలంటే సంస్కృతం పక్కనున్న భాషలను చూడాలి.

అక్కచెల్లెళ్ళ ఇళ్ళల్లో

సంస్కృతంలో అశ్వ. ఇరాన్‌లో జరథుష్ట్రుడి గ్రంథాల భాషలో అస్ప. లాటిన్‌లో ఎక్వుస్. లిథువేనియా దేశపు పాత మాటల్లో ఆడగుర్రం పేరు 'అశ్వా', ఇంచుమించు మనం పలికినట్టే. చైనా పడమటి ఎడారుల్లో బౌద్ధులు రాసుకున్న తొఖారియన్ భాషలో యక్వె. గ్రీకులో హిప్పోస్. ఈ చివరిది వినడానికి దూరంగా ఉంది గాని, గ్రీకు దేశపు పాత రాజభవనాల మట్టిపలకల మీద దీని పాత రూపం 'ఇక్వో' అని ఉంది. ఆ లిపిని 1952లో చదివి చూపించినవాడు మైకేల్ వెంట్రిస్ అనే ఇక్కడి యువకుడు, వృత్తికి భవనాల నమూనాలు గీసేవాడు.

ఒకేలా వినిపించినంత మాత్రాన చుట్టరికం కలిపితే మళ్ళీ పాత తప్పే చేసినట్టు. చుట్టరికానికి ఒక నియమం కావాలి. సంస్కృతంలో 'శ' ఉన్న చాలా మాటలకు లాటిన్‌లో 'క', ఇంగ్లిషులో 'హ' ఉంటుంది. శతం, లాటిన్‌లో కెంటుం, ఇంగ్లిషులో హండ్రెడ్. శ్వా అంటే కుక్క, లాటిన్‌లో కానిస్, ఇంగ్లిషులో హౌండ్. శృంగం, కోర్ను, హార్న్. దశ, డెకెం, దాన్నుంచే మన క్యాలెండరులోని డిసెంబరు. మరి అశ్వ, ఎక్వుస్ అయ్యాక ఇంగ్లిషులో 'హ'తో ఒక మాట ఉండాలి గదా? ఉండేది. పాత ఇంగ్లిషులో గుర్రానికి 'ఎయోహ్' అనే మాట ఉంది. 991లో ఎసెక్స్‌లోని మాల్డన్ దగ్గర జరిగిన యుద్ధం మీద రాసిన పాత కావ్యంలో ఆ మాట కనిపిస్తుంది. తరువాత అది వాడుకలోంచి జారిపోయి, 'హోర్స్' అనే మరో మాట ఆ చోటు తీసుకుంది.

ఇప్పుడు మా తప్పు ఎక్కడుందో చూడండి. సంస్కృతంలోని 'హ'కు ఇంగ్లిషులో 'హ' రాదు, సాధారణంగా 'గ' వస్తుంది. మన హంస ఇంగ్లిషులో 'గూస్'. హ్రేషకు ఇంగ్లిషులో తోబుట్టువు ఉంటే అదీ 'గ'తోనే మొదలు కావాలి. 'హార్స్'కు దగ్గరి చుట్టం జర్మన్‌లోని 'రోస్'. పరిగెత్తడం అనే అర్థం ఉన్న ధాతువు నుంచి అది వచ్చి ఉంటుందని కొందరు పండితులు అంటారు. సకిలింపుతో దానికి సంబంధం లేదు.

ఒక పెద్దాయన తరగతిలో లేచి, హృదయానికి ఇంగ్లిషులో హార్ట్ కదా, అక్కడ హకు హ సరిపోయిందే అన్నారు. మంచి ప్రశ్న. హృదయంలో 'హ' ఉండటమే సంస్కృతంలో దారి తప్పిన సంగతి. నియమం ప్రకారం అక్కడ 'శ' రావాలి. ఆ 'శ'తో ఉన్న పాత రూపం మరో మాటలో దాగి ఉంది: శ్రద్ధ. శ్రత్ అంటే హృదయం, ధా అంటే పెట్టడం. గుండెను పెట్టి చేసేదే శ్రద్ధ. ఆయన ప్రశ్న వల్ల ఆ రోజు గుర్రం కాసేపు పక్కన నిలబడింది గాని, ఎవరికీ విసుగు రాలేదు.

మనం ఉంటున్న దేశంలో ఆ పాత మాట పూర్తిగా పోలేదు. స్కాట్లండ్ గేలిక్‌లో నేటికీ గుర్రాన్ని 'యఖ్' అనే అంటారు. వేల్స్ భాషలో గుర్రానికి వేరే మాట వచ్చినా, గుర్రప్పిల్లను ఇప్పటికీ 'ఎబోల్' అంటారు. రెండూ అశ్వ శబ్దానికి చుట్టాలే. కార్డిఫ్ నుంచి మన ఆలయానికి వచ్చే కుటుంబం పిల్లలకు ఎబోల్ అనే మాట బడిలోనే తెలుసు. అది ఆశ్వయుజానికి బంధువని మాత్రం తెలియదు. రోమన్ల కాలంలో రౌతులు కొలిచిన 'ఎపోనా' అనే అశ్వదేవత పేరులో ఉన్నదీ ఈ మాటే. ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో అఫింగ్టన్ దగ్గర కొండవాలున పచ్చికను చెక్కి, తెల్లని సుద్దతో తీర్చిన 110 మీటర్ల గుర్రం బొమ్మ ఉంది. దాని వయసు ఇంచుమించు 3,000 ఏళ్ళు. అన్ని తరాలవాళ్ళూ గడ్డి పీకి, సుద్ద పోసి దాన్ని నిలబెట్టుకుంటూ వచ్చారు. వసంతంలో పిల్లలను అక్కడికి తీసుకువెళ్ళే ఆలోచన ఉంది.

పేర్లలో కూడా చూడండి. మనకు సావిత్రి తండ్రి అశ్వపతి, ద్రోణుడి కొడుకు అశ్వత్థామ, ఇక్ష్వాకు వంశంలో యువనాశ్వుడు. పారశీకులకు దరయవుషు చక్రవర్తి తండ్రి విష్తాస్పుడు. గ్రీకులకు ఫిలిప్పోస్, అంటే గుర్రాలను ప్రేమించేవాడు. ఇక్కడ బళ్ళల్లో ఇంకా కనిపించే ఫిలిప్ ఆయనే. హిప్పొపొటమస్ అంటే గ్రీకులో నీటిగుర్రం. మన తెలుగువాళ్ళు దాన్ని 'నీటిగుర్రం' అని మాటకు మాట దించేశారు.

దీన్నంతా చదివి, అయితే ఇవన్నీ సంస్కృతం నుంచే పుట్టాయన్నమాట అని మాలోనే ఒకరిద్దరు సంతోషపడ్డారు. అలా కాదు. 1786లో విలియం జోన్స్ కలకత్తాలో చేసిన ప్రసంగంలో సంస్కృతం, గ్రీకు, లాటిన్ మూడూ ఒకే మూలం నుంచి వచ్చి ఉండాలని అన్నారు. ఆ మూలభాష ఇప్పుడు ఉండకపోవచ్చునని కూడా అన్నారు. ఆ తరువాత జరిగిన పని అంతా దాన్నే బలపరిచింది. ఇవి అక్కచెల్లెళ్ళు. అమ్మ ఇప్పుడు లేదు. అక్క దగ్గర నగలు ఎక్కువ మిగిలి ఉండవచ్చు, అంతమాత్రాన ఆమెను అమ్మ అనం.

మట్టిపలకల మీద గుర్రపు పాఠం

సంస్కృతానికి అతి దగ్గరి భాష ఒకటి గుర్రాలతోపాటు చాలా దూరం వెళ్ళింది. ఇప్పటి తుర్కియేలో బోఆజ్‌కోయ్ అనే ఊరు ఒకనాటి హిత్తైత రాజధాని. అక్కడ దొరికిన మట్టిపలకల్లో కిక్కులి అనే మితన్ని దేశపు శిక్షకుడు చెప్పిన పాఠం ఉంది. రథాల గుర్రాలను నెలల తరబడి ఎలా మేపాలి, ఎలా నడిపించాలి, ఎప్పుడు నీళ్ళు పెట్టాలి అన్నది అందులో రోజువారీగా ఉంటుంది. ఇంచుమించు 3,400 ఏళ్ళ కిందటి సంగతి. రాసింది హిత్తైత భాషలో. గుర్రాన్ని బయలులో ఎన్ని చుట్లు తిప్పాలో చెప్పేచోట మాత్రం 'ఐక వర్తన్న', 'పంజ వర్తన్న', 'సత్త వర్తన్న' అనే మాటలు వస్తాయి. మన తరగతిలో ఎక్కాలు నేర్చిన పిల్లలకు వీటికి అర్థం చెప్పనవసరం లేకపోయింది. ఏక, పంచ, సప్త. వర్తనం అంటే తిరగడం, ఆవర్తనంలో ఉన్నదే.

అదే కాలంలో మితన్ని రాజుకూ హిత్తైత రాజుకూ జరిగిన సంధిపత్రంలో సాక్షులుగా పిలిచిన దేవతల్లో మిత్రుడు, వరుణుడు, ఇంద్రుడు, నాసత్యులు ఉన్నారు. నాసత్యులంటే అశ్వినీ దేవతలే. సంకల్పంలో మనం తలుచుకునే ఆ జంటే.

ఆశువు

మాకు అన్నిటికంటే నచ్చినది ఇప్పుడు చెప్పేది. 'అశ్వ' మూలార్థం ఏమిటని భాషాశాస్త్రం అడిగితే, ఎక్కువమంది చూపించే దారి వేగం వైపు. సంస్కృతంలో 'ఆశు' అంటే వేగమైనది. గ్రీకులో దాని తోబుట్టువు 'ఓకుస్', అర్థం అదే. ఆ ఆశు శబ్దానికీ అశ్వ శబ్దానికీ మూలం ఒకటై ఉంటుందని పండితుల ఊహ. వేగమైనది కనుక అశ్వం.

యాస్కుడి నిరుక్తానికి ఆధారం నిఘంటువు అనే వైదిక పదాల పట్టిక. అందులో గుర్రానికి 26 పేర్లున్నాయి. ఆ పేర్లలో 'అశ్వ' ఉంది, 'ఆశు' కూడా ఉంది. ఈ రెండు మాటలనూ మనవాళ్ళు ఆనాడే ఒకే వరసలో కూర్చోబెట్టారు. దారిని వ్యాపించేది అని యాస్కుడు చెప్పినదీ వేగం గురించిన మాటే కదా. నిర్వచనమూ చరిత్రా ఇక్కడ పక్కపక్కనే నడుస్తున్నాయి.

తెలుగువాళ్ళకు ఆశువు కొత్త మాట కాదు. అవధానానికి వెళ్ళినవాళ్ళెవరైనా ఆశువు చెప్పమని అడగడం చూసే ఉంటారు. అడిగీ అడగకముందే, ఆలోచించినట్టు కూడా కనబడకుండా పద్యం అందుకోవడం ఆశుకవిత్వం. ఆ మాటలో గుర్రపు డెక్కల చప్పుడు ఉందని మాకు ఇన్నాళ్ళూ తెలియదు.

మరి గుర్రం?

ఇదంతా విన్నాక ఆ అమ్మాయే మళ్ళీ అడిగింది: "అయితే మనం ఇంట్లో గుర్రం అని ఎందుకంటాం?"

మన పాత వ్యాకరణాలు మాటలను తత్సమం, తద్భవం, దేశ్యం అని విడగొట్టాయి. అశ్వము తత్సమం, సంస్కృతం నుంచి ఉన్నది ఉన్నట్టు తెచ్చుకున్నది. గుర్రము దేశ్యం, మన ఇంటిది. తెలుగు సంస్కృతం నుంచి పుట్టిన భాష కాదని, తమిళ కన్నడాలతో ఒకే కుటుంబమని అచ్చులో మొదట నిరూపించి చూపినది 1816లో, క్యాంబెల్ రాసిన తెలుగు వ్యాకరణానికి చేర్చిన ఒక వ్యాసంలో. రాసినవాడు మద్రాసులో కలెక్టరుగా చేసిన ఎల్లిస్. ఆయన వాడుకున్న సాధనం మన వ్యాకరణాల్లోని ఈ తత్సమ దేశ్య విభాగమే. సంస్కృతంతో తెలుగుకు ఉన్నది వేల ఏళ్ళ సహవాసం, పుట్టుక వల్ల వచ్చిన సంబంధం కాదు.

తమిళంలో కుదిరై, కన్నడంలో కుదురె, మలయాళంలో కుతిర, మనకు గుర్రం. హిందీ మరాఠీల్లోని ఘోడా, సంస్కృతంలోని ఘోటకం నుంచి వచ్చింది. ఋగ్వేదంలో అశ్వం అడుగడుగునా ఉంది గాని ఘోటం లేదు. అది తరువాతి గ్రంథాల్లో కనిపిస్తుంది. ఘోటానికీ గుర్రానికీ కుదిరైకీ చుట్టరికం ఉందని, ఆ మాట మన వైపు నుంచే సంస్కృతంలోకి వెళ్ళి ఉంటుందని చాలామంది పండితులు భావిస్తారు. ఇచ్చిపుచ్చుకోవడం రెండువైపులా జరిగిందన్నమాట. ఉత్తరదేశంలో ఇవాళ బజారులో వినిపించేది ఘోడా. అశ్వం అక్కడా మనకు లాగే గుడిలోకీ పుస్తకంలోకీ చేరింది.

తెలుగునేల మీద అశ్వ శబ్దం చెక్కిన పాత చోటు నాగార్జునకొండ. కృష్ణ ఒడ్డున విజయపురి నుంచి ఏలిన ఇక్ష్వాకు రాజు వాసిష్ఠీపుత్ర చాంతమూలుడు అశ్వమేధం చేశాడని అక్కడి శాసనాలు చెబుతాయి. అవి ప్రాకృతంలో ఉన్నాయి కనుక మాట 'అసమేధ' అని ఉంటుంది. క్రీస్తుశకం మూడో శతాబ్దం నాటి రాజు ఆయన. ఆ ఊళ్ళో రాజు యాగం చేస్తుంటే, లాయంలో దాణా పెట్టేవాడు ఆ జంతువును ఏ మాటతో పిలిచి ఉంటాడో ఊహించుకోవచ్చు.

గుర్రం మన దగ్గర ఎక్కడికైనా వెళ్ళింది. గుర్రం జాషువా గారికి ఇంటిపేరయింది. రాయలసీమలో గుర్రంకొండ అయింది. చెరువులను మింగేసే కలుపుకు గుర్రపుడెక్క అయింది. రౌతు కొద్దీ గుర్రం అన్న సామెతలో అశ్వం అని పెట్టి చూడండి, సామెత కుంటుతుంది. సంకల్పంలో గుర్రం అని పెట్టినా అంతే.

బృహదారణ్యకంలో మేం ముందు దాటవేసిన ఒక మాట ఉంది. హయమై దేవతలను మోసింది, వాజియై గంధర్వులను, అర్వయై అసురులను, అశ్వమై మనుషులను మోసింది అంటుంది. నాలుగు పేర్లలో మనుషులకు వచ్చినది అశ్వం. లిథువేనియా నుంచి తొఖారియన్ ఎడారుల దాకా అన్ని ఇళ్ళల్లో దొరికినదీ ఆ మాటే. ఉపనిషత్తుకు ఈ భాషల సంగతి తెలుసని మేం అనడం లేదు. అలా అంటే అది మరో 'మీకు తెలుసా?' పెట్టె అవుతుంది. రెండూ పక్కపక్కన చదివినప్పుడు మాకు కలిగిన సంతోషాన్ని మాత్రం దాచుకోలేకపోయాం.

ఇక పనులు. ఈ సంచిక నుంచి 'మీకు తెలుసా?' పెట్టె అచ్చుకు వెళ్ళేముందు ఇద్దరు నిఘంటువు చూస్తారు. ఆ ఇద్దరిలో ఒకరు ఆ అమ్మాయి, ఒప్పుకుంది. దీపావళి తరువాత మొదటి ఆదివారం తరగతికి ప్రతి కుటుంబం ఇండియాలోని తాతగారికో అమ్మమ్మగారికో ఫోన్ చేసి, గుర్రం చుట్టూ ఉన్న మాటలు అడిగి రాసుకురావాలని కోరుతున్నాం. కళ్ళెం, జీను, లాడం, డెక్క, దాణా, లాయం, సకిలింపు, జట్కా మాకు తెలుసు. జట్కాబండి ఎక్కి బడికి వెళ్ళినవాళ్ళు ఇంకా మన ఇళ్ళల్లో ఉన్నారు. బండివాడు గుర్రాన్ని ఆపడానికీ, అదిలించడానికీ చేసే చప్పుళ్ళు ఏమిటో వాళ్ళనే అడగండి. అవి ఏ నిఘంటువులోనూ మాకు దొరకలేదు.